సంచి అడుగు నుంచి పిడికెడు గింజలు

ముద్ర వేసిన కాగితం కనబడగానే మీరు ప్రశ్నలడగడం ఎందుకు మానేస్తారు? కూరగాయలమ్మే మనిషిని అడుగుతారు, ఓట్ల కోసం వచ్చినవాణ్ణి అడుగుతారు, నాలాంటి నాస్తికురాలు కనబడితే గుక్క తిప్పుకోనివ్వకుండా అడుగుతారు. ఒక గుండ్రటి ముద్ర, దాని పక్కన ఎవరిదో అర్థంకాని సంతకం ఉంటే మాత్రం చేతులు కట్టుకుని నిలబడతారు. మిమ్మల్ని నిలదీసే అర్హత నాకుందా అంటే, ఉంది. ఆ పని నేను మీకంటే ముందు, మీకంటే ఘోరంగా చేశాను. మీరు కాగితాన్ని ఊరికే నమ్మి ఉంటారు. నేను దాని తరఫున వాదించాను. ఆ వాదంలో గెలిచాను కూడా.

ఇన్నేళ్లుగా ఎన్నో విషయాల మీద రాశాను గానీ ఈ సంగతి ఎక్కడా రాయలేదు. మొన్న మా తమ్ముడి కూతురు మౌనిక కళ్యాణదుర్గం బస్సు దిగి, అనంతపురంలోని మా ఇంటికి వచ్చి, భుజం మీది సంచిని వంటింటి గడప పక్కన దింపకపోతే ఇప్పుడు కూడా రాసేదాన్ని కాదు. తమ్ముడు నాకోసం పంపిన శెనక్కాయలవి. సంచి మాత్రం విత్తనాలది. మూతి దగ్గర కుట్టులో ఇరుక్కుని ఒక నీలం చీటీ ఇంకా వేలాడుతోంది. అందులోని అక్షరాలు వెలిసిపోయాయి, ముద్ర మాత్రం గుండ్రంగా అలాగే ఉంది. పరీక్ష చేసి ధ్రువీకరించిన విత్తనం అని చెప్పే చీటీ అది. నేను దాన్ని వేళ్లతో తిప్పి చూశాను. మౌనిక అది గమనించలేదు. ఆమె చేతిలో ఆమె కాగితం ఉంది.

"అత్తా, రేపు సాయంత్రం అయిదు లోపల చెప్పల్లంట. ల్యాకుంటే సీటు వేరేవాళ్లకు పోతాదంట."

"ముందు నీళ్లు తాగు. ఎవరికి చెప్పల్ల? ఏమని?"

నీళ్లు తాగకుండానే చెప్పింది. మౌనిక కంప్యూటర్ డిగ్రీ చదివింది. కళ్యాణదుర్గంలో ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్ చెబుతుంది. ఇక్కడ అనంతపురంలో ఒక శిక్షణా కేంద్రం వాళ్లు ప్రోగ్రామింగ్‌లో రెండు నెలల కోర్సు పెట్టారు. అది అయ్యాక ఒక పరీక్ష, అందులో నెగ్గితే సర్టిఫికెట్. అది చేతిలో ఉంటే బెంగళూరు కంపెనీలు పిలిచి ఉద్యోగం ఇస్తాయని వాళ్ల మాట. కోర్సులో చేరాలంటే బడి మానాలి. ఏడాది మధ్యలో మానేసిన టీచరును ఆ బడివాళ్లు తిరిగి తీసుకోరు. బోరు ఎండిపోయిన తర్వాత మా తమ్ముడి ఇంట్లో నెలనెలా వచ్చే జీతం ఆమెదొక్కటే.

"మీ నాయన ఏమన్నాడు?"

"మీ అత్తనడుగు, ఆమె ఏం చెప్తే అది, అన్నాడు."

"మీ అమ్మ?"

"అమ్మ ఆంజనేయసామికి మొక్కుకున్యాది. ఆ మాట నీకు చెప్పొద్దన్యాది."

మొక్కు సంగతికి నవ్వాను గానీ, తమ్ముడి మాట దగ్గర ఆగిపోయాను. ఆమె ఏం చెప్తే అది. మా ఇంట్లో నా గురించి ఆ మాట పుట్టి, ఒకే ఒక్క ఏడాదిలో చచ్చిపోయింది. ఇన్ని సంవత్సరాల తర్వాత తమ్ముడు దాన్ని తవ్వి తీసి, కూతురి చేతికిచ్చి పంపాడు.

మా జేజికి, అంటే నాయన తల్లికి, అక్షరం ముక్క రాదు. శుక్రవారం తలకు పోసుకోకుండా పొయ్యి ముట్టేది కాదు, పిల్లి ఎదురొస్తే ఆగిపోయేది, దిష్టి తీసిన మిరపకాయలు పొయ్యిలో వేసి ఘాటు రాలేదని మురిసిపోయేది. కానీ ఆ ఇంట్లోకి వచ్చే ప్రతి వస్తువూ ఆమె వేళ్ల మధ్య నుంచి పోవాల్సిందే. కొత్త కాగు కొంటే వేలితో కొట్టి చూసి, నీళ్లు నింపి, అడుగు చెమ్మగిల్లిందో లేదో తెల్లారి తడిమి చూసేది. ఆకుకూర కట్టను నడిమికి విప్పేది. రాగులు కొనేటప్పుడు మోచేయి దాటి చేయి సంచిలోకి దూర్చి, అడుగు నుంచి పిడికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకునేది. "ఏమ్మా, సంచిలోకి నువ్వే దూరేటట్లుండావే!" అని వ్యాపారి ఎగతాళి చేస్తే, "నువ్వు పైన పెట్టింది నాకు కనబడతానే ఉండాది. కింద ఏం పెట్టినావో చూడల్ల కదప్పా" అనేది. రాగిసంగటి ముద్ద మీద ఊరిబిండి, అంటే శెనక్కాయల పచ్చడి, వడ్డిస్తూ కూడా ఆ మాటే మాకు చెప్పేది. ఇప్పటికీ ఆమెను తలుచుకుంటే ముఖం కంటే ముందు, మోచేతి దాకా రాగి దుమ్ము అంటుకున్న ఆ కుడిచేయి కనబడుతుంది.

విత్తనాల కాలం వస్తే ఆ చేతికి పెద్దరికం వచ్చేది. ప్రతి సంచి అడుగు నుంచీ నాలుగు కాయలు తీసి, వలిచి, ఇరవై గింజలు ఏరకుండా పక్కన పెట్టేది. ఏరకూడదు, అదే ముఖ్యం. మా చెల్లెలు ముడతలు పడ్డ గింజను తీసేయబోతే చేతి మీద కొట్టింది. "బాగుండేది ఏరి పెడితే అది బాగుండాదని తెలుస్తాది. సేనులోకి పోయేది అదొక్కటేనా?" ఆ గింజలను తడి గోనెపట్టాలో వరుసగా పేర్చి, చుట్టి, నీళ్ల కాగు పక్కన పెట్టేది. పొద్దునా సాయంత్రమూ చిలకరింపు. మూడో రోజు విప్పేది. తడి గోనె వాసన, దానిలోంచి లేచే పచ్చి మొలక వాసన, అప్పుడే తడిసిన ఎర్రమట్టి వాసన, మూడూ కలిస్తే మా ఇంట్లో సంవత్సరం మొదలైనట్టు. ఇరవైలో పదహారు మొలిస్తే జేజి తల ఊపేది. అప్పుడే విత్తే గొర్రు బయటికి వచ్చేది.

ఆ రోజుల్లో నాకు ఇంకొక బడి ఉండేది. మా ఊరి సార్ ఒకాయన, హేతువాది, ఆదివారాలు బడి వరండాలో వాదాలు పెట్టించేవాడు. దేవుడున్నాడా, కులం దేనికి, వితంతువు బొట్టు పెట్టుకుంటే ఎవరికి నష్టం, అన్నీ వరండా మీదికి వచ్చేవి. ఆయన నియమం ఒక్కటే: ఎదుటి మనిషి వాదాన్ని ముందు నువ్వు చెప్పు, అవును నేనన్నది అదే అని అతను ఒప్పుకున్నాకే నీ జవాబు చెప్పు. నాకు ఆ నియమంలో రెండో సగం బాగా నచ్చేది. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టుకుని బోరుకు నీళ్లెక్కడ పడతాయో చెప్పే ఒకాయనను, కళ్లకు గంతలు కట్టి అదే చేనులో రెండుసార్లు నడిపించి, రెండుసార్లూ వేర్వేరు చోట్లు చూపించేలా చేసి ఊరి ముందు ఓడించాను. అప్పుడు నాకు పదహారేళ్లు ఉంటాయి. ఆ రోజు నుంచి నాయన ఎవరు ఏమడిగినా "మా పాప చెప్పిందంటే అంతే" అనేవాడు. ఆ మాట నాకు బెల్లం కంటే తీపి.

ఆ ఏడు వాన ఆలస్యమైంది, విత్తనం అంతకంటే ఆలస్యమైంది. క్యూలో రెండు రోజులు నిలబడి నాయన తెచ్చిన సంచులు ఇంటికి చేరిన మర్నాడు సాయంత్రమే ఆకాశం విరుచుకుపడింది. వాన తర్వాత నేల గొర్రుకు లొంగే తడిని మా వైపు పదును అంటాం. ఎర్రనేలలో అది రెండు రోజులు నిలిస్తే గొప్ప. తెల్లారేసరికి ఊరంతా గొర్రులు కదిలాయి. మా ఎద్దులు కూడా కాడి కోసం కదులుతున్నాయి. జేజి మాత్రం సంచుల ముందు కాళ్లు చాపుకుని కూర్చుంది.

"మూడు దినాలు ఆగండి. పట్టాలో ఏస్తా."

"మూడు దినాలకు పదును ఆరిపోతాదమ్మా," అన్నాడు నాయన. ఆయన కళ్లు ఇంట్లోకి కాదు, వీధిలోకి చూస్తున్నాయి. పక్కింటి వాళ్ల గొర్రు అప్పుడే వెళుతోంది.

"అయితే సగం విత్తండి. సగం ఆపండి."

నేను ముందుకు వచ్చాను. సంచి మూతికున్న నీలం చీటీని పట్టుకుని, వరండాలో నిలబడినట్టే నిలబడ్డాను. "జేజీ, ఇది చూడు. గవర్నమెంటోళ్లు ల్యాబులో పరీక్ష చేసి ముద్ర ఏసినారు. నీ గోనెపట్టా ల్యాబు కంటే గొప్పదా? ఇది సైన్సు. నీది మూఢనమ్మకం."

జేజి చీటీ వైపు చూడలేదు. నా వైపు చూసింది. "ల్యాబోళ్లు చూసింది ఈ సంచేనా?"

నాకు జవాబు తెలియదు. వాదంలో జవాబు తెలియనప్పుడు గొంతు పెంచాలని నాకు ఎవరూ నేర్పలేదు, నాకు నేనే నేర్చుకున్నాను. ఈ ఇంట్లో చదువుకున్న మాటకు విలువ లేదా అన్నాను. నీకు పిల్లి చెప్పిందే శాస్త్రం అన్నాను. ఊరందరూ విత్తుతుంటే మనం పట్టా చుట్టుకుని కూర్చుందామా అన్నాను. చివరిది వాదమే కాదు, ఊరందరూ మొక్కుతున్నారు కాబట్టి దేవుడున్నాడు అనే మాటకు సొంత చెల్లెలు. సార్ విని ఉంటే వరండా మీంచి దింపేసేవాడు. నాయన మా ఇద్దరి మధ్య ఒక్క క్షణం నిలబడి, "పాప చెప్పింది కదమ్మా. విత్తుదాం" అన్నాడు. జేజి లేచి, కొంగు దులుపుకుని, పక్కకు తప్పుకుంది. సాయంత్రానికల్లా చేను మొత్తం విత్తేశాం. గొర్రు వెనక నేనూ నడిచాను. ఎంత నిటారుగా నడిచానో నాకు గుర్తుంది.

మూడో రోజు పొద్దున నేను అరుగు మీద కూర్చుని చదువుకుంటుంటే జేజి వచ్చి, తడి గోనెపట్టాను నా ఒళ్లో పెట్టింది. మేం సంచులు విప్పుతున్నప్పుడే అడుగు నుంచి పిడికెడు తీసుకుందట, ఎవరికీ చెప్పకుండా.

"లెక్కబెట్టు పాపా. సదువుకున్నదానివి కదా."

లెక్కపెట్టాను. ఇరవైలో ఆరు. మళ్లీ లెక్కపెట్టాను. తడి నా పావడాలోకి, తొడల దాకా దిగింది. ఆ తర్వాత వారం రోజులు నాయన పొద్దున్నే చేనికి పోయి, వచ్చి కాళ్లు కడుక్కునేవాడు. సాలులో ఇక్కడొక మొక్క, అక్కడొక మొక్క, మధ్యలో ఎర్రటి ఖాళీ. మళ్లీ విత్తడానికి విత్తనమూ లేదు, వానా లేదు. చివరికి ఉలవలు చల్లాం. ఆ ఏడు నాయనా అమ్మా రోడ్డు పనికి కంకర కొట్టడానికి పోయారు, నా కాలేజీ ఒక ఏడు వెనక్కి పోయింది. నాయన నన్ను తిట్టలేదు. "మా పాప చెప్పిందంటే అంతే" అన్న మాట మాత్రం ఆయన చనిపోయేదాకా మళ్లీ ఆయన నోటి నుంచి వినలేదు.

సార్‌కు చెప్పాను. ఓదారుస్తాడనుకున్నాను. "మీ జేజి వాదం ఏమిటో చెప్పు, ఆమె ఒప్పుకునేటట్లు" అన్నాడు. చెప్పలేకపోయాను. ఇంటికి పోయి ఆమెనే అడిగాను. రాగులు చెరుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది: "చీటీ అబద్ధమని నేను అన్లేదే. అది కట్టినపొద్దు ఇత్తనం బాగానే ఉండిందేమో. ఆడనించి ఈడికొచ్చే లోపల ఎండలో ఎన్నాళ్లుండాదో, యాడ తడిసిందో చీటీకేం తెలుసు?" పిల్లికి భయపడే ఆ మనిషి, ఆ ఇంట్లో ఏకైక హేతువాది. నేను వట్టి భక్తురాలిని. నా దేవుడి రంగు నీలం.

ఇప్పుడు నా ఎదురుగా మౌనిక ఫోన్ తెరచి పట్టుకుంది. శిక్షణా కేంద్రం గోడ ఫొటో, దాని నిండా నవ్వుతున్న ముఖాలు, ప్రతి ముఖం కింద ఒక కంపెనీ పేరు. "ఇంతమందికొచ్చినాయత్తా. నాకు యాల రాదు?"

"వీళ్లు సంచి పైభాగం. ఫొటో లేనోళ్లు యాడుండారు?"

"వాళ్లను యాడని పట్టుకునేది?"

అదే అసలు ప్రశ్న, పట్టుకునే దారి కూడా ఆమె దగ్గరే ఉంది. వాళ్ల బడిలో హిందీ టీచరు చెల్లెలు కిందటి బ్యాచ్‌లో చదివింది. ఆ బ్యాచ్ వాట్సాప్ గ్రూపు ఇంకా బతికే ఉంది. పేర్లూ నంబర్లూ తెప్పించాం. ఏరొద్దు, వరసగా చెయ్యి అన్నాను. సాయంత్రం నా ముందుగదిలో మొదలుపెట్టింది. మొదటి ఇద్దరు ఎత్తలేదు. మూడో అమ్మాయి "ఏ కేంద్రం వాళ్లు పంపినారు నిన్ను?" అని గద్దించి పెట్టేసింది. నాలుగో అబ్బాయి విడపనకల్లు నుంచి, "అక్కా, సర్టిఫికెట్ ఉండాది. ఫ్రేము కూడా కట్టించినా. మా నాయన దానికి ఊదుబత్తి ఎలిగిస్తాండాడు" అన్నాడు. మౌనిక నవ్వి, ఆ తర్వాత ముఖం దించుకుంది. మర్నాడు మధ్యాహ్నానికి తొమ్మిది మంది మాట్లాడారు. నలుగురికి ప్రోగ్రాములు రాసే ఉద్యోగాలున్నాయి. నలుగురిదీ ఒకే మాట: ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ చూపించమని ఎవరూ అనలేదు, ఎదురుగా కూర్చోబెట్టి ప్రోగ్రాం రాయమన్నారు. అందులో ఇద్దరు ఇంకో మాట చేర్చారు: అయితే దరఖాస్తుల గుట్టలో మా పేరు మీద కన్ను పడింది ఆ సర్టిఫికెట్ వల్లే. మిగిలిన అయిదుగురిలో ముగ్గురు వేరే పనుల్లో ఉన్నారు, ఇద్దరు ఇంటి దగ్గర. ఒకమ్మాయి మాత్రం, "పరీక్ష భయం లేకుంటే నేను ఆ పుస్తకం ముట్టేదాన్నే కాదు, దానికైనా పనికొచ్చింది" అంది. ఇవన్నీ నేను రాసిపెట్టాను. నాకు నచ్చినవీ, నచ్చనివీ.

"సరే, చీటీ సంగతి తెలిసింది. ఇంక విత్తనం సంగతి," అన్నాను.

పాత ప్రశ్నపత్రం తీసి కూర్చుంది. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టే ప్రశ్నలు. చకచకా చేసింది, ముక్కాలు భాగం సరిగ్గా వచ్చాయి. అప్పుడు అడిగాను: మీ బడి బస్సు ఎక్కని పిల్లలు ఎవరో పొద్దున్నే తల్లిదండ్రులకు చెప్పే ప్రోగ్రాం ఒకటి రాయి, పుస్తకం చూడకుండా. రెండు గంటలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది, ప్రోగ్రాం నడవలేదు. మూడు దాటాక దాన్ని ఠప్పున మూసింది.

"నీకు కంప్యూటర్ గురించి ఏం తెలుసత్తా?"

"ఏమీ తెల్దు. పనిచేస్తాందా లేదా అనేది మాత్రం నాకూ తెలుస్తాది."

"రెండు గంటలు కూడా లేదు టైము! నువ్వు నాకు పరీక్ష పెట్టుకుంటా కూచున్నావు. వద్దని చెప్పేయి, ల్యాకుంటే చేరమని చెప్పేయి. ఏదో ఒకటి చెప్పు!"

ఆమె కళ్లల్లో నీళ్లున్నాయి. చెప్పాలని నా నాలుక తహతహలాడింది. చెప్పడం నాకు అలవాటైన పని, నా వృత్తే అది. చెబితే ఆ పిల్ల బరువు దిగిపోతుంది, తమ్ముడి మాట చెల్లుతుంది. వంటింటి గడప పక్కన ఆ నీలం చీటీ ఫ్యాను గాలికి ఊగుతోంది. నేను దాన్నే చూస్తూ, "ఒకటి అడుగుతా," అన్నాను. "మా కాలంలో పదును ఆరిపోతే ఆరిపోయినట్లే, వానను ఎవరూ మళ్లీ పిలవలేరు. ఈ అయిదు గంటలనే గడువు ఎవరు పెట్టినారు?"

నాలుగున్నరకు ఫోన్ మోగింది. స్పీకరులో పెట్టింది.

"మేడమ్, ఇంకా అర్ధగంటే ఉండాది. ఒకే సీటు. ఏం చేస్తారు?"

మౌనిక నా వైపు చూసింది. నేను నోరు విప్పలేదు. నా జీవితంలో అంత కష్టమైన మౌనం ఇంకొకటి లేదు. ఆమె గోడ వైపు తిరిగి, "ఈ బ్యాచ్‌కు రాను సార్" అంది.

"మళ్ల ఈ అవకాశం రాదు మేడమ్."

"రాకుంటే ఏం చేస్తాం సార్," అని పెట్టేసింది. నేను లేచి కాఫీ పెట్టాను. తప్పు చేశామా అన్న అనుమానం మా ఇద్దరి మధ్య కూర్చుని కాఫీ తాగింది.

పదో రోజు అదే కేంద్రం నుంచి అదే గొంతు ఫోన్ చేసింది. అదే సీటు, మళ్లీ ఒకటే మిగిలిందట. మౌనిక బడి విరామంలో నాకు ఫోన్ చేసి ఈ మాట చెబుతూ ఎంత నవ్విందో! ఆమె బడి మానలేదు. సాయంత్రాలు ఒక గంట కూర్చుంటోంది. బస్సు ప్రోగ్రాం ఒక బస్సుకు పనిచేస్తోంది, రెండో బస్సును కలిపితే మొదటి బస్సు పిల్లలను కూడా రాలేదంటోందట. అది సరిచేశాక, కోర్సు లేకుండా తానే చదువుకుని ఆ పరీక్ష రాస్తానంటోంది. రాయమన్నాను. ఆ ఇద్దరి మాట నేను మరిచిపోలేదు: కాగితం వల్ల కన్ను పడుతుంది. కన్ను పడ్డాక మొలవాల్సింది మాత్రం గింజే. జేజి కూడా చీటీ సంచులను వద్దనలేదు కదా, అడుగు తడమకుండా విత్తొద్దంది. మౌనిక రేపు ఆ పరీక్షలో తప్పినా, ఈ బ్యాచ్‌లో చేరి ఉంటేనే బాగుండేదని ఎప్పటికైనా తేలినా, ఆ లెక్క ఆమెది. అడిగింది ఆమె, విన్నది ఆమె, గోడ వైపు తిరిగి జవాబు చెప్పింది ఆమె. ఆ చేను విషయంలో నేను నాయన నుంచి లాక్కున్నది ఆ అవకాశాన్నే.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటని ఆలోచిస్తే, కాగితాలు పెరిగాయి, ముద్రలు ఫోన్లలోకి వచ్చాయి, గడువులు ఆకాశం నుంచి దిగి అమ్మేవాళ్ల చేతుల్లోకి పోయాయి. మోచేతి దాకా దుమ్ము పట్టిన ఆ చేయి మాత్రం ఇళ్లల్లో కనబడదు. అది ఎవరి వారసత్వమూ కాదు, దానికి అక్షరాలు కూడా అక్కర్లేదు. మీకు రెండు చేతులున్నాయి. మీ ఇంట్లో ఇవాళ ఏ కోర్సు కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరు తొందరపడుతున్నా, కలం కాసేపు పక్కన పెట్టమనండి. గోడ మీద ఫొటో ఉన్నా లేకున్నా, ఆ కోర్సు చదివిన తొమ్మిది మంది పేర్లు రాసుకోండి, ఏరకుండా రాసుకోండి, ఈ సాయంత్రమే మొదటి నంబరుకు ఫోన్ చేయండి. చేయి సంచి అడుగుకు దూర్చండి.